ఖాళీ తొట్టి, నిండు తొట్టి: చిన్న పికప్‌ను రోడ్డు మీదా మట్టిలోనూ నడిపే పద్ధతి

పికప్ కొత్తగా కొన్నవాళ్ల ఫిర్యాదులు చాలావరకు ఒకేలా ఉంటాయి. వెనక ఎగిరెగిరి పడుతోంది. వానలో మలుపు తిరుగుతుంటే తోక జారింది. ఇసుకలో దిగగానే కూరుకుపోయింది. బండిలోనే లోపం ఉందనుకుని షాక్ అబ్జార్బర్లు మార్పిస్తారు, కమాన్లు మార్పిస్తారు. అయినా తేడా కనిపించదు. ఎందుకంటే ఈ మూడింటికీ మూలం వేరే చోట ఉంది: వెనక ఇరుసు మీద ఎంత బరువుంది, టైర్లలో ఎంత గాలి ఉంది. కారులో ఈ రెండూ రోజూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి కాబట్టి పట్టించుకోకపోయినా నడిచిపోతుంది. పికప్ పొద్దున ఖాళీగా వెళ్లి, మధ్యాహ్నం అరటన్ను మోసి, సాయంత్రం బురదలో దిగుతుంది. మూడు వేళలకూ ఒకే గాలి, ఒకే నడక పనికిరావు.

ముందు మీ బండి ఏ రకమో చూసుకోండి. టయోటా హైలక్స్, ఇసుజు డీ-మ్యాక్స్ లాంటివి విడి ఛాసిస్ మీద బాడీ కూర్చోబెట్టినవి. వెనక కమాన్ కట్టలు ఉంటాయి, ఫోర్ వీల్ డ్రైవ్ మోడల్‌లో లో రేంజ్ గేరు (వేగం తగ్గించి చక్రాలకు బలం పెంచేది) కూడా ఉంటుంది. 2021లో వచ్చిన ఫోర్డ్ మావెరిక్, హ్యుందాయ్ శాంటా క్రూజ్ లాంటి వాటిలో కారులాగే బాడీ, ఛాసిస్ కలిసి ఒకే ముక్క. వాటిలో ఆల్ వీల్ డ్రైవ్ ఉన్నా లో రేంజ్ ఉండదు. రోడ్డు మీద హాయిగా ఉండేది రెండో రకం. నిట్టనిలువు దిగుడుల్లో, పెద్ద రాళ్ల మీద, లోతు ఇసుకలో మొదటి రకానిదే పైచేయి. కింద చెప్పేవి చాలావరకు రెండింటికీ వర్తిస్తాయి, తేడా ఉన్నచోట విడిగా చెప్పాం.

బరువు లెక్క

డ్రైవర్ డోరు తెరిస్తే స్తంభం మీద ఒక స్టిక్కర్ కనిపిస్తుంది. టైరు చల్లగా ఉన్నప్పుడు ఎంత గాలి ఉండాలో దాని మీద ఉంటుంది. బండి మొత్తం బరువు పరిమితి, ముందు వెనక ఇరుసుల పరిమితులు అక్కడో, పక్కనున్న ప్లేటు మీదో, మాన్యువల్లోనో దొరుకుతాయి. మొత్తం పరిమితిలోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలేది పేలోడ్. ఇక్కడే చాలామంది పొరబడతారు. పేలోడ్ అంటే తొట్టిలో వేసే సరుకు ఒక్కటే కాదు. డ్రైవరు, పక్కన కూర్చున్నవాళ్లు, తొట్టి కప్పు, పనిముట్ల పెట్టె, తర్వాత బిగించిన ఇనుప బంపరు, టో బార్ మీద ట్రైలర్ మోపే బరువు, అన్నీ అందులోనివే.

పేలోడ్ 680 కిలోలున్న బండి తీసుకుందాం. మనిషికి 75 చొప్పున నలుగురు ఎక్కితే 300 పోయాయి. 800 కిలోల ట్రైలర్ తగిలిస్తే దాని బరువులో పదో వంతు, అంటే 80 కిలోలు, టో బార్ మీద పడుతుంది. తొట్టి కప్పు, పెట్టె కలిపి 60. మిగిలింది 240 కిలోలు. "ఏడు వందల కిలోలు లాగే బండి" అనుకున్నది ఆ రోజుకు పావు టన్ను బండి.

కంటికి కనిపించే ఖాళీని చూసి కూడా మోసపోవద్దు. తొట్టి అడుగు 1.4 మీటర్ల పొడవు, 1.3 మీటర్ల వెడల్పు ఉందనుకుంటే వైశాల్యం 1.82 చదరపు మీటర్లు. తడి ఇసుక ఘనమీటరు 1,900 కిలోల దాకా తూగుతుంది. డ్రైవర్ ఒక్కడే ఉండి 600 కిలోలు వేయొచ్చనుకున్నా, ఇసుక లోతు 17 సెంటీమీటర్లు దాటకూడదు. జానెడు కూడా లేదు. తొట్టి అంచులదాకా నింపితే పరిమితికి దాదాపు మూడు రెట్లవుతుంది. ఎండిన కట్టెలైతే అంచుల పైదాకా పేర్చినా పరిమితిలోనే ఉండొచ్చు. కాబట్టి లోడు ఎత్తే ముందు ఆ సరుకు ఘనమీటరు ఎంత తూగుతుందో అడగండి. అనుమానమొస్తే వేబ్రిడ్జి మీద ముందు చక్రాలు, వెనక చక్రాలు విడివిడిగా తూయించండి. మొత్తం బరువు పరిమితిలో ఉన్నా వెనక ఇరుసు ఒక్కటే దాటిపోవడం పికప్‌లలో మామూలే.

అలా ఎందుకవుతుందంటే, తొట్టిలో సగం వెనక ఇరుసుకు వెనకే ఉంటుంది. ఇరుసుల మధ్య దూరం 3 మీటర్లున్న బండిలో 300 కిలోల సామాను వెనక ఇరుసుకు మీటరు వెనక, తొట్టి డోరుకు ఆనించి పెట్టారనుకోండి. వెనక ఇరుసు మీద పడేది 300 కాదు, 400. ఆ ఎక్కువైన 100 కిలోలు ముందు చక్రాల మీద నుంచి తీసేసినవే. స్టీరింగ్ తేలిపోతుంది, ముందు బ్రేకులకు పట్టు తగ్గుతుంది, హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లల్లో కొడతాయి. అదే సామాను క్యాబిన్ గోడకు ఆనించి పెడితే బరువు రెండు ఇరుసులకూ పంచుకుంటుంది. బరువైనది ముందుకు, అడుగుకు. తేలికైనది వెనక్కు, పైకి.

విడి ఛాసిస్ బళ్లలో ఇంకో ప్రమాదం ఉంది. వెనక కూర్చుండిపోతోందని కమాన్లకూ ఛాసిస్‌కూ మధ్య ఎయిర్ బ్యాగులు (గాలి నింపే రబ్బరు సంచులు) పెట్టించి, ఆ ధైర్యంతో ఇంకా బరువేస్తారు. ఎయిర్ బ్యాగు బండిని ఎత్తి నిలబెడుతుంది తప్ప పేలోడ్‌ను ఒక్క కిలో కూడా పెంచదు. పైగా కమాను తన రెండు చివరల దగ్గర మోసే బరువును అది ఛాసిస్ మీద ఒక్కచోటే మోపుతుంది. ట్రైలర్ కూడా తగిలించి గతుకుల్లో వేగంగా వెళితే క్యాబిన్‌కూ తొట్టికీ మధ్య ఛాసిస్ వంగుతుంది. ఆ రెంటి మధ్య సందు పైన ఇరుకుగా, కింద వెడల్పుగా, లేదా దానికి తిరగబడి కనిపిస్తే వెంటనే లోడు దించి ఛాసిస్ చూపించండి.

కట్టడం

గట్టిగా బ్రేకు వేస్తే సరుకు తన బరువులో 80 శాతం బలంతో ముందుకు తోస్తుందని, మలుపుల్లో 50 శాతం బలంతో పక్కకు తోస్తుందని లెక్కవేసి కట్టాలి. 300 కిలోల మోటారు ముందుకు 240 కిలోల బలంతో క్యాబిన్ గోడను కొడుతుంది. అందుకే మొదటే గోడకు ఆనించండి. జారే దూరమే లేకుండా చేస్తే బెల్టు మీద భారం చాలా తగ్గుతుంది.

మీద నుంచి అడ్డంగా వేసిన బెల్టు సరుకును నొక్కి, రాపిడితో మాత్రమే ఆపుతుంది. ఆ బెల్టు నిలువుగా దిగితే పూర్తి బలం, నేలకు 30 డిగ్రీల వాలులో దిగితే సగం బలం. అందుకే పొట్టి సరుకుకు మీద బెల్టు నమ్మకమైనది కాదు, నాలుగు మూలల నుంచి ఎదురెదురుగా లాగి కట్టాలి. తొట్టి అడుగు నున్నగా ఉంటే రబ్బరు చాప పరవండి. చవకైనది, దానంత పని చేసేది ఇంకోటి లేదు. పదునైన అంచుల దగ్గర బెల్టు కింద మందపాటి గుడ్డో పాత గొట్టమో పెట్టండి. బయల్దేరిన 10-15 కిలోమీటర్లకు ఒకసారి ఆగి బెల్టు రాట్చెట్ మళ్లీ బిగించాలి, సరుకు అప్పటికి సర్దుకుని ఉంటుంది. నీళ్ల ట్యాంకు తీసుకెళ్లాల్సి వస్తే పూర్తిగా నిండుగానో, పూర్తిగా ఖాళీగానో ఉంచండి. సగం నిండిన ట్యాంకులో నీళ్లు ప్రతి మలుపుకూ బండిని రెండోసారి తోస్తాయి.

రోడ్డు మీద గాలి

స్టిక్కర్ మీది అంకె చల్లటి టైరుకు. అంటే మూడు గంటలు ఆగి ఉన్నాక, ఎండ పడకముందు కొలిచింది. వాతావరణం 10 డిగ్రీలు చల్లబడితే టైరులో ఒకటిన్నర పీఎస్‌ఐ పైగా తగ్గుతుంది. ఖాళీ బండికీ, నిండు లోడుకూ వేర్వేరు అంకెలు ఇచ్చిన బళ్లలో తేడా ప్రధానంగా వెనక టైర్లకే ఉంటుంది. లోడు దించాక కూడా వెనక టైర్లలో లోడు గాలే ఉంచేసుకుని తిరగడం ఎగిరిపడటానికి తొలి కారణం. ట్రెడ్ (టైరులో నేలను తాకే గాడుల భాగం) మధ్యలో మాత్రమే అరగడం రెండో ఫలితం, తడి రోడ్డు మీద పట్టు తగ్గడం మూడోది.

మీ వాడకానికి సరైన గాలి కనుక్కోవడానికి రెండు పరీక్షలు. మొదటిది సుద్దముక్క పరీక్ష: ట్రెడ్ మీద అడ్డంగా మందంగా సుద్ద గీసి, చదును రోడ్డు మీద తిన్నగా వంద మీటర్లు నడపండి. మధ్యలో మాత్రమే చెరిగితే గాలి ఎక్కువ, అంచుల్లో మాత్రమే చెరిగితే తక్కువ. స్టిక్కర్ మీది అంకెకు బాగా దిగువకు మాత్రం రోడ్డు మీద వెళ్లకండి. రెండోది వేడి పరీక్ష: బయల్దేరే ముందు కొలిచి, మామూలు వేగంతో 30-40 నిమిషాలు నడిపి మళ్లీ కొలవండి. 4 పీఎస్‌ఐ దాకా పెరిగితే మంచిదే. అంతకు మించితే ఆ బరువుకు గాలి తక్కువైంది, టైరు పక్కగోడ ఎక్కువగా వంగి వేడెక్కుతోందన్నమాట. కారు తరహా టైరు తీసేసి మందపాటి లైట్ ట్రక్ టైరు వేయించుకున్నవాళ్లు గుర్తుంచుకోవాల్సింది: అదే బరువు మోయడానికి ఆ టైరుకు ఎక్కువ గాలి కావాలి. పాత స్టిక్కర్ అంకె దానికి చాలదు.

ఖాళీ బండి తోక

ఖాళీ పికప్‌లో వెనక ఇరుసు మీద బరువు తక్కువ, కమాన్లు మాత్రం అరటన్ను కోసం చేసినవి. తడి రోడ్డు మీద, ముఖ్యంగా వెనక చక్రాలే లాగే బండిలో, మలుపు మధ్యలో యాక్సిలరేటర్ ఒక్కసారి నొక్కితే వెనక జారుతుంది. వేగం మలుపుకు ముందే తగ్గించుకోండి, మలుపులో గేరు మార్చకండి, యాక్సిలరేటర్ మలుపు చివర్లో మెల్లగా ఇవ్వండి. వానాకాలం పొడుగునా ఖాళీగా తిరిగేవాళ్లు మొత్తం 80-100 కిలోల ఇసుక బస్తాలు సరిగ్గా వెనక ఇరుసు మీద లేదా కొంచెం ముందుకు వేసి, కట్టేయాలి. కట్టని బస్తా బ్రేకు వేసినప్పుడు క్యాబిన్ మీదికి వస్తుంది.

వెనక ఎత్తు మార్చే పని చేయించినవాళ్లు బ్రేకులు కూడా చూపించుకోవాలి. చాలా పాత పికప్‌లలో వెనక ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య చిన్న కడ్డీతో కలిపిన ఒక వాల్వు ఉంటుంది. బండి ఎంత కిందికి దిగిందో చూసి వెనక బ్రేకుకు ఎంత ఒత్తిడి ఇవ్వాలో అది తేలుస్తుంది. బండిని ఎత్తిస్తే ఆ వాల్వు ఎప్పుడూ ఖాళీ అనుకుంటుంది, లోడు వేసినా వెనక బ్రేకులు సరిగా పట్టవు. కడ్డీని మళ్లీ సరిచేయించాలి.

తొట్టి డోరు దించి నడిపితే మైలేజీ పెరుగుతుందన్న మాట నమ్మొద్దు. డోరు మూసి ఉంటే తొట్టిలో గాలి సుడి తిరుగుతూ నిలిచిపోతుంది, పైగాలి దాని మీదుగా జారిపోతుంది. దించితే ఆ సుడి చెదిరిపోయి చాలా బళ్లలో గాలి అడ్డు పెరుగుతుంది.

ఫోర్ వీల్ ఎప్పుడు వేయాలి, ఎప్పుడు వేయకూడదు

విడి ఛాసిస్ పికప్‌లలో ఎక్కువగా ఉండేది పార్ట్ టైమ్ ఫోర్ వీల్: 2హెచ్ (వెనక చక్రాలే లాగుతాయి), 4హెచ్ (నాలుగూ లాగుతాయి), 4ఎల్ (నాలుగూ, లో రేంజ్‌లో). ఇందులో ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య డిఫరెన్షియల్ (రెండు వైపులనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల గుండు) ఉండదు. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాలకంటే ఎక్కువ దూరం తిరగాలి. మట్టిలో అయితే టైరు కొంచెం జారి ఆ తేడాను సర్దుకుంటుంది. పొడి తారు రోడ్డు మీద జారడానికి వీల్లేక ఆ తేడా అంతా షాఫ్టుల్లో మెలికగా పేరుకుంటుంది. స్టీరింగ్ బిగుసుకుంటుంది, బండి ఎగిరెగిరి తిరుగుతుంది, 2హెచ్‌కు మార్చబోతే లివర్ రాదు. అలా ఇరుక్కుంటే బలవంతం చేయొద్దు. తిన్నగా కొన్ని మీటర్లు రివర్స్ వెళ్లండి, మెలిక విప్పుకుని లివర్ దానంతట అదే వస్తుంది.

4హెచ్‌ను చాలా బళ్లలో నడుస్తుండగానే వేయొచ్చు, వేగ పరిమితి మాన్యువల్‌లో ఉంటుంది. 4ఎల్‌కు మాత్రం బండి ఆపాలి, గేరు న్యూట్రల్‌లో ఉండాలి. వాడినా వాడకపోయినా నెలకోసారి మట్టి రోడ్డు మీదో, తిన్నటి తడి రోడ్డు మీదో 4హెచ్‌లో పదిహేను కిలోమీటర్లు నడపండి. ఏడాదిపాటు ముట్టుకోని ఫోర్ వీల్ అవసరమైన రోజున పడదు. లోపలి సీళ్లు ఎండుతాయి, కదిలే భాగాలు పట్టేస్తాయి.

ఆల్ వీల్ డ్రైవ్ పికప్‌కు ఈ మెలిక బాధ లేదు. దాని బలహీనత వేరు: వెనక చక్రాలకు శక్తిని క్లచ్ ప్లేట్ల కట్ట ద్వారా పంపుతుంది. లోతు ఇసుకలో చాలాసేపు చక్రాలు తిప్పితే ఆ ప్లేట్లు వేడెక్కి వ్యవస్థ తనను తాను ఆపేసుకుంటుంది, ముందు చక్రాలే మిగులుతాయి. హెచ్చరిక వెలిగితే ఇంజన్ నడుస్తుండగానే ఆగి పది పదిహేను నిమిషాలు చల్లారనివ్వండి. ఈ బళ్లకు నాలుగు టైర్లూ ఒకే రకం, ఒకే అరుగుదల ఉండాలి. ఒక్క కొత్త టైరు వేస్తే చుట్టుకొలత తేడా వల్ల ఆ ప్లేట్లు తిన్నటి రోడ్డు మీద కూడా రాచుకుంటూనే ఉంటాయి.

మట్టిలోకి దిగే ముందు

ఇక్కడ గాలి తగ్గించడమే సగం విద్య. గాలి తగ్గిస్తే టైరు వెడల్పు పెద్దగా పెరగదు, నేలకు తగిలే భాగం పొడవు పెరుగుతుంది. టైరు ఇసుకను దున్నకుండా దాని మీద పాకుతుంది. మామూలు టైర్లతో, కొద్దిపాటి లోడుతో మొదలుపెట్టడానికి ఈ అంకెలు పనికొస్తాయి:

కంకర, గతుకుల మట్టి రోడ్డు: 25-28 పీఎస్‌ఐ
బురద, రాళ్లు: 18-22
మెత్తటి ఇసుక: 15-18
కూరుకుపోయాక బయటపడటానికి మాత్రమే: 12

తొట్టిలో లోడు ఉంటే వెనక 3-5 పీఎస్‌ఐ ఎక్కువ ఉంచండి. 20 కిందికి దిగాక గంటకు 40 కిలోమీటర్లు దాటొద్దు, స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పొద్దు. టైరు అంచు రిమ్ము నుంచి ఊడిపోతుంది. రాళ్లలో గాలి మరీ తగ్గిస్తే పక్కగోడ ఉబ్బి పదును రాయికి తెగుతుంది. పక్కగోడ కోతకు ప్యాచ్ పడదు. తిరిగి తారు రోడ్డు ఎక్కేచోటే గాలి నింపుకోవాలి కాబట్టి కంప్రెసర్ లేకుండా గాలి తీయకండి. అది బ్యాటరీకి నేరుగా క్లిప్పులు పెట్టుకునే రకం అయి ఉండాలి. సిగరెట్ లైటర్ సాకెట్‌కు పెట్టే చిన్నది నాలుగు పెద్ద టైర్లు నింపేలోపు ఫ్యూజు కొట్టేస్తుంది.

అలలు అలలుగా గట్టిపడిన మట్టి రోడ్ల మీద ఖాళీ పికప్ పక్కకు పక్కకు జరుగుతూ పోతుంది. మలుపుల్లో వెనక చక్రాలు మాటిమాటికీ నేలను వదిలేస్తాయి. వేగం పెంచితే కుదుపు తగ్గినట్టు అనిపిస్తుంది, కానీ అప్పుడే బ్రేకు అసలు పట్టదు. గాలి 25కి తీసి, ఉంటే 4హెచ్ వేసి, 50-60లో వెళ్లడం మేలు. గంటకోసారి ఆగి వెనక షాక్ అబ్జార్బర్ దగ్గర చెయ్యి పెట్టి చూడండి. తాకలేనంత వేడిగా ఉంటే లోపలి ఆయిల్ నురుగెత్తింది, అది పని చేయడం మానేసింది. చల్లారేదాకా ఆగాల్సిందే.

ఇసుక, బురద

ఇసుకలో ట్రాక్షన్ కంట్రోల్ (చక్రం వృథాగా తిరగకుండా ఆపే వ్యవస్థ) ఆపేయండి, లేకపోతే కావాల్సినప్పుడే ఇంజన్ శక్తి కోసేస్తుంది. ఊపు పోకుండా ఒకే వేగంతో వెళ్లాలి. ఆగాల్సి వస్తే బ్రేకు వేయకుండా వదిలేసి, పల్లం వైపు ముఖం పెట్టి ఆగండి. బ్రేకు వేస్తే ప్రతి టైరు ముందూ చిన్న ఇసుక గట్టు లేస్తుంది, మళ్లీ కదలడానికి అదే అడ్డు. వెనక చక్రం ఒక్క చుట్టు వృథాగా తిరిగిందని తెలియగానే కాలు తీసేయండి. ఇంకో పది చుట్లు తిప్పితే డిఫరెన్షియల్ ఇసుక మీద కూర్చుంటుంది, అక్కడితో పారపని మొదలు.

కూరుకున్నాక వరుస ఇది:
1. ముందుకు ప్రయత్నించకుండా, వచ్చిన గాడిలోనే రివర్స్ చేసి చూడండి. ఆ దారి ఇప్పటికే గట్టిపడి ఉంటుంది.
2. కదలకపోతే నాలుగు టైర్లూ 12కి దించండి.
3. టైర్ల ముందు, వెనక ఏటవాలుగా తవ్వండి. ఇరుసు, డిఫరెన్షియల్, టో బార్ ఇసుకకు తగులుతుంటే వాటి కింద ముందు తవ్వాలి. అవి తగులుతున్నంతసేపూ టైర్ల దగ్గర ఎంత తవ్వినా ఫలితం ఉండదు.
4. పట్టు పలకలుంటే (చక్రం కింద వేసే పళ్ల పలకలు) లాగే చక్రాలకు ఆనించి, వాలుగా, టైరు కిందికి దూర్చండి. చక్రం తిప్పి వాటి మీదికెక్కించాలని చూస్తే పళ్లు కరిగిపోతాయి.
5. రెండో గేరు లేదా లో రేంజ్‌లో రెండు, మూడు గేర్లతో మెల్లగా కదలండి.

బురద వేరు. పైన పల్చటి బురద, కింద గట్టి నేల ఉంటే సన్నటి టైరు దాన్ని కోసుకుని గట్టినేలను పట్టుకుంటుంది. అడుగు దొరకని ఊబి బురదకు పికప్ బరువే శత్రువు, అందులోకి దిగకపోవడం ఒక్కటే మార్గం. కర్ర గుచ్చి చూడండి. రోడ్డు టైర్ల గాడులు బురదతో నిండితే టైరు నున్నటి గుండులా మారుతుంది. స్టీరింగ్‌ను గడియారంలో పది నుంచి రెండు దాకా త్వరత్వరగా అటూ ఇటూ ఆడిస్తే పక్క అంచులు కొత్త మట్టిని కొరుకుతాయి.

మిట్టలు, రాళ్లు

పికప్‌కు ఇరుసుల మధ్య దూరం ఎక్కువ, అందుకే మిట్ట శిఖరం మీద పొట్ట తగులుతుంది. వెనక తోక పొడవు, అందుకే పల్లం దాటి ఎక్కేటప్పుడు టో బార్ నేలను గీస్తుంది. టో బార్ తీసివేసే రకం అయితే మట్టిలో దిగేముందు తీసేయండి. తక్కువ లోతు గాడిని ఏటవాలుగా, ఒక్కో చక్రంగా దాటాలి. నిట్టనిలువు మిట్టను మాత్రం ఎప్పుడూ తిన్నగానే ఎక్కాలి, దిగాలి. అడ్డంగా తిప్పితే దొర్లుతుంది, తొట్టిలో ఎత్తైన లోడుంటే ఇంకా తొందరగా.

మిట్ట మధ్యలో ఇంజన్ ఆగిపోతే బ్రేకు తొక్కిపట్టి, రివర్స్ గేరు వేసి, వచ్చిన దారిలోనే తిన్నగా వెనక్కు దిగండి. న్యూట్రల్‌లో దొర్లించడం, క్లచ్ తొక్కిపట్టి దిగడం రెండూ ప్రాణాంతకం. దిగుడులో లో రేంజ్ మొదటి గేరు వేసి, క్లచ్ మీద నుంచి కాలు తీసేసి ఇంజన్‌నే ఆపనివ్వాలి. లో రేంజ్ లేని బండిలో హిల్ డిసెంట్ కంట్రోల్ (దిగుడులో వేగాన్ని తానే అదుపు చేసే వ్యవస్థ) వాడండి. అది బ్రేకులతోనే పని చేస్తుంది కాబట్టి పొడవాటి దిగుడులో మధ్యమధ్య ఆగి బ్రేకులు చల్లారనివ్వాలి.

రాయిని రెండు చక్రాల మధ్యకు తీసుకోకుండా టైరును దాని మీదికెక్కించండి. డిఫరెన్షియల్ గుండు వెనక ఇరుసులో అన్నిటికంటే కిందికి ఉండే భాగం, కొన్ని బళ్లలో అది సరిగ్గా మధ్యలో కాకుండా ఒక పక్కకు ఉంటుంది. ఏ పక్కో ఒకసారి బండి కింద పడుకుని చూసుకుంటే చాలు.

నీళ్లలో

పారే నీళ్లు మోకాలు దాటితే దిగొద్దు. అడుగు లోతు పారే నీరు చాలా కార్లను లాక్కుపోతుంది, రెండడుగుల నీరు పికప్‌నూ లాక్కుపోతుంది. ఖాళీ పికప్‌లో వెనక భాగం ముందుగా తేలిపోతుంది. నిలిచిన నీళ్లయితే ముందు కర్రతో నడిచి అడుగు చూడండి. ఇంజన్ గాలి పీల్చే మూతి ఎక్కడుందో తెలుసుకోండి, చాలా బళ్లలో హెడ్‌లైట్ వెనక, మడ్‌గార్డు పైభాగంలో ఉంటుంది. నీళ్లు ఆ ఎత్తు దాకా ఎప్పుడూ రాకూడదు.

దిగేముందు పది నిమిషాలు ఆగండి. దారి పొడుగునా వేడెక్కిన ఇరుసు చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుని సీళ్ల గుండా నీళ్లను లోపలికి పీలుస్తుంది. ఇరుసు మీద బ్రీదర్ అనే చిన్న మూత ఉంటుంది. అది మట్టితో మూసుకుపోతే ఈ పీల్పు ఇంకా ఎక్కువ. దానికి గొట్టం తగిలించి ఇంజన్ గది పైదాకా తీసుకెళ్లడం చవకైన పని, తరచూ నీళ్లు దాటేవాళ్లు తప్పక చేయించుకోవాలి.

లో రేంజ్ మొదటి లేదా రెండో గేరులో, నడక వేగం కంటే కొంచెం ఎక్కువగా, ముందు ఒక చిన్న అల నిలబడేలా వెళ్లండి. మధ్యలో గేరు మార్చొద్దు, ఆగొద్దు. ఇంజన్ ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకండి. సిలిండర్లో నీరుంటే అది నలగదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఒక్కసారి తాళం తిప్పడంతో ఇంజన్ పోతుంది. బయటికి లాగించి, స్పార్క్ ప్లగ్గులో ఇంజెక్టర్లో విప్పి నీళ్లు తీసేశాకే తిప్పాలి. క్షేమంగా దాటాక బ్రేకు మెల్లగా తొక్కుతూ కొంత దూరం నడిపి ఆరబెట్టండి.

లాగించుకోవడం

ఇందులో తప్పు జరిగితే మనుషులు చనిపోతారు, అందుకే ఒక్క మెట్టు కూడా వదలొద్దు. టో బార్ మీది గుండుకు తాడు తగిలించవద్దు. అది ఊడితే తూటాలా వస్తుంది. బండిని ఓడలో, లారీలో కట్టడానికి కంపెనీ ఇచ్చిన సన్నటి కొక్కేలు కూడా లాగడానికి కావు. ఛాసిస్‌కు బోల్టులతో బిగించిన, బరువు సామర్థ్యం రాసి ఉన్న చోటే తగిలించాలి. చిన్న పికప్‌కు 19 మిల్లీమీటర్ల, 4.75 టన్నులు అని రాసి ఉన్న బో షాకిల్ (పిన్నుతో మూసే ఇనుప కడియం) సరిపోతుంది. పిన్ను చేత్తో పూర్తిగా బిగించి పావు చుట్టు వెనక్కు తిప్పండి, లేదంటే లాగుడు తర్వాత పట్టేసి రాదు.

సాగే తాడు, సాగని బెల్టు వేర్వేరు పనులకు. ఊపుతో లాగాలంటే సాగే తాడే వాడాలి. సాగని బెల్టుతో, గొలుసుతో ఊపివ్వడం అంటే ఏదో ఒకటి తెగేదాకా కొట్టడమే. తాడు మధ్యలో తడి దుప్పటో బరువైన సంచో వేయండి. చూసేవాళ్లు తాడు పొడవుకు ఒకటిన్నర రెట్లు దూరంలో, పక్కలకు నిలబడాలి, తాడు వరసలో ఎవరూ ఉండకూడదు. అంతకంటే ముందు పారతో తవ్వండి. సరిగ్గా తవ్విన బండికి సగం లాగుడు చాలు.

తిరిగి వచ్చాక

తారు రోడ్డు ఎక్కేచోట గాలి నింపారో లేదో చూసుకుని, తర్వాత కడగండి. కడిగేటప్పుడు రిమ్ముల లోపలివైపు మరవద్దు. తారు రోడ్డు ఎక్కాక 80 దాటగానే స్టీరింగ్ వణికితే చాలాసార్లు రిమ్ము లోపల ఎండిపోయిన బురదే కారణం. బ్యాలెన్సింగ్‌కు డబ్బు పెట్టేముందు నీళ్లు కొట్టి చూడండి. సైలెన్సర్ పైన, డీజిల్ బండిలో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) చుట్టూ చిక్కుకున్న ఎండుగడ్డి అంతా లాగేయండి, అది అంటుకుంటుంది. రేడియేటర్‌ను ఇంజన్ వైపు నుంచి బయటికి మెల్లటి ధారతో కడగాలి. హై ప్రెజర్ పైపు దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోతాయి.

వీల్ నట్లను టార్క్ రెంచితో మాన్యువల్లోని అంకెకు బిగించండి. టైరు విప్పి వేసి ఉంటే 100 కిలోమీటర్లకు మళ్లీ. ప్రొపెల్లర్ షాఫ్టు (ఇంజన్ శక్తిని ఇరుసుకు చేర్చే కడ్డీ) క్రాసులకు, జారే జాయింటుకు గ్రీజు నిప్పిళ్లుంటే పాత గ్రీజు, నీళ్లు బయటికొచ్చి కొత్తది కనిపించేదాకా కొట్టండి. కమాన్ కట్టలో విరిగిన పట్టీ ఉందేమో, ఇరుసును ఆ కట్టకు బిగించే యూ-బోల్టులు వదులయ్యాయేమో చూడండి. యూ-బోల్టు వదులైతే కట్ట మధ్యలోని సెంటర్ బోల్టు తెగి ఇరుసు వెనక్కు జరుగుతుంది, బండి వంకరగా నడుస్తుంది.

నీళ్లలో మునిగి ఉంటే డిఫరెన్షియల్ ఆయిల్ చూడాలి. నింపే బోల్టును ముందు విప్పండి. అది రాకపోతే కారే బోల్టు ముట్టుకోవద్దు. ఆయిలంతా కార్చేశాక నింపడానికి దారి లేక నిలిచిపోతారు. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు చేరాయి, అదే రోజు మార్చాలి. ఎక్కువ బళ్లకు 75డబ్ల్యూ-90 లేదా 80డబ్ల్యూ-90, జీఎల్-5 రకం. వెనక ఇరుసుకు రెండు మూడు లీటర్లు, ముందుదానికి ఒకటి ఒకటిన్నర లీటరు పడుతుంది. నింపే రంధ్రం అంచుకు వచ్చి కారడం మొదలైతే నిండినట్టు. అదే జీఎల్-5 ఆయిల్‌ను మాన్యువల్లో చెప్పకుండా గేర్‌బాక్స్‌లో పోయకండి, అందులోని గంధకపు మందులు కొన్ని గేర్‌బాక్స్‌ల ఇత్తడి సింక్రో రింగులను తినేస్తాయి. అయస్కాంతం బోల్టుకు బూడిదరంగు మెత్తటి పేస్టు అంటితే మామూలు అరుగుదల, గోటితో పట్టుకోగల ముక్కలు దొరికితే పళ్లు విరుగుతున్నాయి.

శబ్దాలను ఇలా పోల్చుకోండి. కదిలేటప్పుడు, ఆగేటప్పుడు ఒక్కసారి "టక్" అంటే జారే జాయింటు ఎండిపోయింది లేదా క్రాసు అరిగింది. లోడుతో మొదటి గేరులో కదులుతుంటే క్యాబిన్ అడుగు వణికితే, షాఫ్టు రెండు ముక్కలుగా ఉన్న బండిలో మధ్య బేరింగును చూడండి. వేగంతోపాటు పెరిగే ఊళ, కాలు తీస్తే మారే ఊళ డిఫరెన్షియల్‌ది. కాలు తీసినా మారకుండా, ఒక వైపు మలుపులో మాత్రమే పెరిగితే వీల్ బేరింగుది. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు "టకటక" వస్తే ముందు సీవీ జాయింటు (తిరుగుతున్న చక్రానికి శక్తినిచ్చే మడత జాయింటు). రబ్బరు తొడుగు చిరిగి ఇసుక దూరింది. తొడుగు చిరిగిన రోజే చూస్తే కొత్త గ్రీజు, కొత్త తొడుగుతో పోయేది, శబ్దం వచ్చాక జాయింటే మార్చాలి. బండిని 50 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ ఎత్తించినవాళ్లకు ఈ జాయింటు కోణం పెరిగి తొడుగులు మరింత త్వరగా చిరుగుతాయి, కాబట్టి వాళ్లు ప్రతి ఆయిల్ మార్పుకూ చక్రం పూర్తిగా తిప్పి, మడతల మధ్య వేలు పెట్టి చూసుకోవాలి.